మా లెక్కల మాస్టారు, దేవళాలి మాస్టారు

చీపురుపల్లి దాటి రాజాం వైపు వెళ్తున్న బస్సులో, కిటికీలోంచి ఒక్కసారిగా ఆ వాసన కొట్టింది. గోగు కట్టలు చెరువులో ఊరేసి కొన్నాళ్ళు గడిచాక వచ్చే వాసన. పక్క సీట్లో కుర్రాడు ముక్కు మూసుకుని "అంకుల్, కిటికీ వేసెయ్యండి" అన్నాడు. తెలియనివాళ్ళకి అది మురుగు కంపే. నాకు మాత్రం మా హైస్కూలు వెనక చెరువు, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నార తీస్తున్న ఆడవాళ్ళు, గట్టు మీద తెల్లగా ఆరేసిన గోగు పుల్లలు, వాటి మధ్య సైకిలు పట్టుకుని నిలబడ్డ మా లెక్కల మాస్టారు, అన్నీ కళ్ళముందుకి వచ్చేశాయి. నేను వెళ్తున్నది కూడా ఆయన సంవత్సరీకానికే.

ఇప్పుడు గోగు వేసేవాళ్ళు బాగా తగ్గిపోయారు. జూట్ మిల్లులు చాలావరకు మూతపడ్డాయి, ఎటు చూసినా మొక్కజొన్నే. మా చిన్నప్పుడు అలా కాదు. గోగు కోతల రోజులొచ్చాయంటే బడి సగం ఖాళీ అయిపోయేది. అప్పట్లో మాది శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది కానీ మాస్టారు ఆఖరిదాకా "మాది సిక్కోలు జిల్లా" అనే చెప్పుకునేవారు.

*

మాది పెంకుల బడి. గంట అంటే దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని ఇనప కడ్డీతో కొడితే ఊరవతల పొలాల దాకా వినపడేది. వారానికోసారి దొండాకు, బొగ్గు కలిపి నూరి నల్లబల్లకి పూసేవాళ్ళం, ఆ పని కోసం మాలో మాకు పోటీ. వానొస్తే పెంకుల సందుల్లోంచి నీళ్ళు కారేవి, బల్లలు అటూ ఇటూ జరుపుకునేవాళ్ళం, మాస్టారు ఎక్కడ తడవకపోతే అక్కడికి జరిగి లెక్క కొనసాగించేవారు.

పొందూరు ఖద్దరు పంచె, చేతులు మడిచిన చొక్కా, సైకిలు కారియర్‌కి తాడుతో కట్టిన ఒక బౌండు పుస్తకం, రేకు డబ్బాలో సుద్దముక్కలు. ఆయన కొట్టడం నేను చూడలేదు. తప్పు చేసినవాడి పక్కన వచ్చి కూర్చుని "ఏదీ, ఎలా చేశావో చెప్పు" అనేవారు. ఎలా చేశామో చెప్తూ ఉంటే ఎక్కడ తప్పామో మాకే తెలిసిపోయేది.

ఒకరోజు పుస్తకాలు తియ్యొద్దన్నారు. "నాలుగంకెల సంఖ్య ఒకటి చెప్పండిరా. నాలుగూ ఒకే అంకె కాకూడదు, అంతే" అన్నారు. వెనక బల్ల మీంచి ఎవడో 1947 అన్నాడు. ఆ అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చమన్నారు, 9741. చిన్న నుంచి పెద్దకి, 1479. తీసెయ్యమన్నారు, 8262. మళ్ళీ దీంతో అదే పని చెయ్యండన్నారు. 8622లోంచి 2268 పోతే 6354. 6543లోంచి 3456 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. ఇక్కడ ఆగి, ఇంకోసారి చెయ్యమన్నారు. 7641లోంచి 1467 తీశాం. మళ్ళీ 6174. ఎన్నిసార్లు చేసినా అదే.

"ఇప్పుడు ఎవడి ఇష్టమొచ్చిన సంఖ్య వాడు తీసుకోండి" అన్నారు. పలకల మీద బలపాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు కాసేపు. తరవాత ఒక మూల నుంచి "6174 మాస్టారూ!" అని కేక, ఇంకో మూల నుంచి "నాకూ అదే మాస్టారూ!" అని ఇంకో కేక. కొందరికి మూడు మెట్లలో వచ్చింది, కొందరికి ఏడు మెట్లు పట్టింది. ఏడు దాటి ఎవరికీ పట్టలేదు, పట్టదు కూడా.

"ఏటి మాస్టారూ, మంత్రమా ఇది?" అని అడిగాడు నా పక్కవాడు.

"మంత్రం కాదురా బావూ, తీసివేత. కనిపెట్టినాయన కూడా నాలాంటి బళ్ళో పంతులే."

*

ఆయన పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. ఆ సంగతులు కొన్ని మాస్టారు చెప్పినవి, మిగతావి నేను ఉద్యోగంలో చేరాక వెతుక్కుని చదివినవి. ఇప్పుడు నా తలలో రెండూ కలిసిపోయాయి కాబట్టి విడదీయకుండా చెప్తాను.

1905లో మహారాష్ట్రలోని దహానులో పుట్టారు. తండ్రి గుమాస్తా, జ్యోతిషం అంటే ప్రాణం. ఎనిమిదేళ్ళప్పుడే తల్లి పోయింది. ఠాణేలో హైస్కూలు, పుణేలో ఫెర్గూసన్ కాలేజీ. కాలేజీలో ఉండగానే, 1927లో, ర్యాంగ్లర్ పరాంజపే పేరు మీద ఇచ్చే గణిత బహుమతి వచ్చింది. 1929లో బీయస్సీ. చదువు అక్కడితో సరి. ఎమ్మే లేదు, డాక్టరేట్ లేదు. 1930లో నాసిక్ పక్కన దేవళాలి అనే చిన్న ఊళ్ళో స్కూలు మాస్టారుగా చేరి, 1962లో రిటైరయ్యేదాకా అక్కడే పాఠాలు చెప్పారు. "మన గోదారి పుట్టినచోటికి దగ్గర్లోనేరా" అని మాస్టారు చెప్తే, అంత దూరపు ఊరు కూడా మాకు తెలిసిన ఊరే అనిపించింది.

6174 సంగతిని ఆయన 1949లో మద్రాసులో జరిగిన గణిత సదస్సులో బయటపెట్టారు. అయినా మన దేశంలో పెద్ద పెద్ద గణితవేత్తలు ఆయన్ని అంతగా పట్టించుకోలేదు. అంకెలతో ఆటలు అనుకున్నారు. పెద్ద పత్రికల్లో చోటు దొరక్క చాలామటుకు చిన్న పత్రికల్లో వేసుకున్నారు, కొన్ని తన ఖర్చుతోనే చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చు వేయించుకున్నారు. స్కూలు మాస్టారి జీతంలోంచి! 1966లో భార్య పోయారు. పింఛను చాలక, ఆ వయసులో మళ్ళీ పిల్లలకి లెక్కలు, సైన్సు ట్యూషన్లు చెప్పుకున్నారు. 1975 మార్చిలో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ఆయన గురించి రాశాకగానీ ప్రపంచానికి ఈయన పేరు గట్టిగా తెలియలేదు. 1986లో దేవళాలిలోనే కన్నుమూశారు.

ట్యూషన్ల ముక్క చెప్పినప్పుడు మా మాస్టారి గొంతు మారేది. ఆయన స్వయంగా ట్యూషన్‌కి డబ్బు తీసుకునేవారు కాదు. ఎవరైనా బలవంతంగా ఇస్తే ఇంత బెల్లమో, ఆనపకాయో. కానీ కాప్రేకర్ లాంటి మనిషికి ముసలితనంలో తిండి గురించి ఆలోచించాల్సి రావడం మాత్రం ఆయనకి మింగుడు పడేది కాదు. నాకూ పడదు.

*

అంకెలతో ఆటలు అన్నవాళ్ళ మాటకి నా దగ్గరున్న జవాబు, ఆ తరవాతి వారం మా క్లాసులో జరిగిందే.

"అందరికీ 6174 వచ్చింది సరే, ఎందుకొచ్చింది?" అని అడిగారు మాస్టారు. మాకు నోరు పెగల్లేదు. ఆయన చెరువు గట్టు నుంచి తెచ్చిన గోగు పుల్లల్ని వేలు, వందలు, పదులు, ఒకట్లు అని కట్టలుగా పేర్చి చూపించారు. పెద్ద అంకెకీ చిన్న అంకెకీ ఎంత తేడా ఉందో చూడు, దాన్ని 999తో గుణించు. వరసలో పేర్చాక మధ్యలో ఉన్న రెండంకెలకీ ఎంత తేడా ఉందో చూడు, దాన్ని 90తో గుణించు. రెండూ కలిపితే తీసివేత జవాబు వచ్చేస్తుంది. 1947లో 9కీ 1కీ తేడా 8, 7కీ 4కీ తేడా 3. 7992, 270 కలిపితే 8262. అంతే కదా!

అంటే జవాబు ఆ రెండు తేడాల మీదే ఆధారపడి ఉంది. మొదటి తేడా 1 నుంచి 9 దాకా ఏదైనా కావచ్చు, రెండోది మొదటిదాన్ని మించకూడదు. లెక్కేస్తే మొత్తం 54 రకాలే. వేల కొద్దీ ఉన్న నాలుగంకెల సంఖ్యలన్నీ ఒక్క తీసివేతతో 54 సంఖ్యల్లోకి వచ్చి పడతాయి. ఆ 54నీ మాస్టారు బోర్డు మీద రాసి, క్లాసులో తలా ఒకటో రెండో పంచారు. 999 వచ్చినవాడు ముందు సున్నా పెట్టి నాలుగంకెలు చేసుకోవాలని గుర్తుచేశారు. గంట కొట్టేలోపు 54 సంఖ్యలూ 6174 దగ్గరికి చేరాయి. ఇక మిగిలింది ఏమీ లేదు, రుజువు అయిపోయింది.

ఏడో తరగతి పిల్లలు, రాజాం దగ్గర ఒక పల్లెటూళ్ళో, కాలికి చెప్పుల్లేనివాళ్ళు సగం మంది, ఒక గణిత సత్యాన్ని తమ చేతుల్తో రుజువు చేశారు. ఎవరో చెప్తే నమ్మడం కాదు. ఇది ఆటే అయితే ఇంకా ఇలాంటి ఆటలు కావాలి మన బళ్ళలో. తరవాత ఇంటర్‌లో, డిగ్రీలో నేను పెద్ద పెద్ద సిద్ధాంతాలు చదివాను, పరీక్షల టెన్షన్‌లో బట్టీపట్టాను, వాటిలో చాలా మర్చిపోయాను. ఆ 54 సంఖ్యలు ఎలా వచ్చాయో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

*

ఆ తరవాత మాకు నాలుగంకెలు కనబడితే చాలు. బస్సు టికెట్ మీద నంబరులో చివరి నాలుగంకెలు, లారీల నంబర్లు, వడ్ల బస్తాల మీద వేసిన తూకాలు, అన్నిటినీ తీసేసేవాళ్ళం. రాజాం బస్సులో కండక్టరు బాబు ఒకాయన ఉండేవాడు, టికెట్లు చింపుతూనే "ఎన్ని మెట్లు రా?" అని అడిగేవాడు. ముందు ఎవరు చెప్తే వాళ్ళని కిటికీ పక్కన కూర్చోబెట్టేవాడు.

ఒకసారి మాస్టారు మమ్మల్ని అరసవల్లి, శాలిహుండం చూపిస్తానని బయల్దేరదీశారు. చీపురుపల్లి స్టేషన్‌లో పాసింజరు ఎప్పటికీ రాలేదు. చద్దన్నం మూటలు ప్లాట్‌ఫారం మీదే ఖాళీ అయిపోయాయి. చిన్నపిల్లలు ఏడుపు మొదలుపెడుతుంటే మాస్టారు రేకు డబ్బాలోంచి సుద్దముక్క తీసి ప్లాట్‌ఫారం గచ్చు మీద 11ని 11తో గుణించమన్నారు. 121. 111ని 111తో. 12321. 1111ని 1111తో చేసే పని ఎవరికీ పడలేదు, 1234321 అని ముందే అరిచేశారు. రైలు కోసం చూస్తున్న పెద్దవాళ్ళు కూడా చుట్టూ చేరారు. అప్పుడు చెప్పారు ఆయన, కాప్రేకర్‌కి ఈ సంఖ్యల ఆలోచన కూడా ఒక రైల్వే స్టేషన్‌లోనే వచ్చిందని. బొంబాయికి ముప్పై మైళ్ళ దూరంలో డెమ్లో అని ఒక స్టేషన్ ఉండేదట. ఇప్పుడు దాన్ని డోంబివిలి అంటున్నారు. అందుకని వాటికి డెమ్లో సంఖ్యలు అని ఆ స్టేషన్ పేరే పెట్టారట. "అయితే మనం చీపురుపల్లి సంఖ్యలు కనిపెడదాం మాస్టారూ" అన్నారు పిల్లలు. "కనిపెట్టండి, ఎవరొద్దన్నారు" అన్నారాయన, చాలా సీరియస్‌గానే.

రామానుజన్ పేరుతో ముడిపడిన 1729 గురించి కూడా ఆ రోజే విన్నాను. అంకెలు కూడితే 19. 1729ని 19తో భాగిస్తే 91. అదే 19 తిరగేస్తే 91. ఇలా తన అంకెల మొత్తంతో భాగించబడే సంఖ్యలకి కాప్రేకర్ హర్షద్ సంఖ్యలు అని పేరు పెట్టారు. మేం ఇదంతా చూస్తూ ఉండగానే రైలు వచ్చింది, సగం మంది ఎక్కమంటే ఎక్కరే!

*

ఇక ఆ అమ్మాయి సంగతి. పేరు రాయను.

గోగు రోజుల్లో వాళ్ళింట్లో అందరూ చెరువులోనే ఉండేవారు, ఆ అమ్మాయి కూడా. కట్ట విప్పడం, పుల్ల మొదలు దగ్గర కొట్టడం, నార ఊడదీసి నీళ్ళలో జాడించడం. చేతులు నానిపోయి తెల్లగా అయిపోయేవి, ఆ వాసన ఎన్ని స్నానాలు చేసినా పోయేది కాదు. బడికి వస్తే పక్కన కూర్చోడానికి కొందరు జరిగేవారు. అది చూసి మాస్టారు ఏమీ అనకుండా తన కుర్చీ తీసుకెళ్ళి ఆ అమ్మాయి పక్కన వేసుకుని పాఠం చెప్పారు ఒకరోజంతా.

బడికి రాని రోజుల్లో సాయంత్రం సైకిలు దిగి గట్టు మీద నిలబడి లెక్క ఒకటి చెప్పి వెళ్ళేవారు. అలా చెప్పినదే కాప్రేకర్ స్వయంభూ సంఖ్యల లెక్క. ఏ సంఖ్యకైనా దాని అంకెలు కలుపు. 21కి 3 కలిపితే 24. 24కి 6 కలిపితే 30. అలా 24కి తల్లి 21, 30కి తల్లి 24. తల్లి లేని సంఖ్యలు ఏవో కనుక్కో. ఇంతే చెప్పారు.

కొన్నాళ్ళకి ఆ అమ్మాయి బడికి వచ్చి, లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం మాస్టారి చేతికిచ్చింది. 1, 3, 5, 7, 9. ఆ తరవాత 20, 31, 42, 53, 64, 75, 86, 97, 108. కింద ఒక్క వాక్యం, పదకొండేసి పెరుగుతున్నాయి అని. దాని కింద 119 అని రాసి కొట్టేసి ఉంది. "అలాగే పెరుగుతాదనుకున్నాను మాస్టారూ, 109కి పది కలిపితే 119 వచ్చేస్తాంది. మళ్ళీ మొదట్నించీ చూస్తే 110 దొరికింది" అంది.

మాస్టారు ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డారో! ఎవరూ ఆ 11 గురించి గానీ, అది 108 దగ్గర తెగిపోవడం గురించి గానీ తనకి చెప్పలేదు. తానే చూసింది, తానే అనుమానించింది, తానే సరిచేసుకుంది. ఆయన బోర్డు తుడిచేసి దాని మీద ఆ అమ్మాయి పేరు, కింద ఆ సంఖ్యలు రాశారు. ఆ రోజు వేరే పాఠం చెప్పలేదు, ఆ బోర్డు వారం దాకా ఎవర్నీ తుడవనివ్వలేదు.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించేశారు. మాస్టారు వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడారు, ఫీజు, పుస్తకాలు తను చూసుకుంటానన్నారు. వాళ్ళకి ఒక జత చేతులు తగ్గడం కుదరదు. వాళ్ళ నాన్నని నేనేమీ అనను, నార ధర పడిపోయిన ఏడాది అది. పెళ్ళయ్యాక మొగుడితో హైదరాబాదు వెళ్ళిందని, బిల్డింగు పనుల్లో ఉన్నారని విన్నాం. మా ఊళ్ళ నుంచి అలా వెళ్ళినవాళ్ళు ఎంతమందో. కాలేజీల్లో నేను చూసిన ఎంతోమంది కంటే ఆ అమ్మాయి తెలివి పదునైనది. ఈ మాట ఇప్పుడు రాస్తున్నా గొంతు పట్టేస్తోంది.

*

మాస్టారు ఒకసారి 45ని 45తో గుణించమన్నారు. 2025. "దాన్ని మధ్యకి విరవండి. 20, 25. కలపండి." 45! ఇలాంటివాటిని కాప్రేకర్ సంఖ్యలంటారని, 55 కూడా అలాంటిదేనని, దాని వర్గం 3025 అని చెప్పి, "మీరంతా 2025వ సంవత్సరం చూస్తార్రా. ఆ జనవరి ఒకటిన నన్ను ఒకసారి తలుచుకోండి. దాని తరవాత అలాంటి ఏడాది మళ్ళీ 3025లోనే" అన్నారు. అలాంటి ఏడాది అంతకుముందు ఎప్పుడొచ్చిందని ఒకడు అడిగితే, 9 వర్గం 81 కదా, 81వ సంవత్సరం అన్నారు. అప్పుడు మాకు 2025 అంటే ఎప్పటికీ రాని కాలం.

వచ్చింది. మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాటగానే మొదటి మెసేజ్ "మాస్టారూ, 20 ప్లస్ 25". ఇంకెవరూ హ్యాపీ న్యూ ఇయర్ అని పెట్టలేదు, అందరూ అదే పెట్టారు. ఆయన పోయి అప్పటికి కొన్ని నెలలే. ఇంకొంచెం ఉండి ఉంటే ఆ రోజు ఫోన్ చేసేవాళ్ళం.

*

సంవత్సరీకం భోజనాలయ్యాక వాళ్ళబ్బాయి లోపలికి పిలిచి, సైకిలు కారియర్ మీద ఉండే ఆ బౌండు పుస్తకం నా చేతిలో పెట్టాడు. అట్ట ఊడిపోయింది, పేజీలు పసుపురంగు తిరిగాయి, సిరా మాత్రం చెదరలేదు.

సగం పుస్తకం ఐదంకెల సంఖ్యలే. నాలుగంకెల్లో 6174 ఉన్నట్టు, మూడంకెల్లో 495 ఉన్నట్టు, ఐదంకెల్లో అలాంటి ఒక్క గమ్యం లేదు. అక్కడ సంఖ్యలు గుండ్రంగా తిరుగుతాయి. 53955 నుంచి 59994, మళ్ళీ 53955. ఇంకో చుట్టు 74943, 62964, 71973, 83952. మూడోది 63954, 61974, 82962, 75933. మూడు చుట్లనీ మాస్టారు ఎర్ర సిరాతో గీసుకున్నారు. ఎవరి సాయం లేకుండా, కాలిక్యులేటర్ కూడా లేకుండా, పేజీల మీద పేజీలు తీసివేతలు. రిటైరయ్యాక చేసినవట.

వెనక అట్ట లోపల, మైదాతో అంటించి, ఆ అమ్మాయి కాగితం ఉంది. కొట్టేసిన 119తో సహా.

నేను అన్ని పేజీలూ ఫోన్‌లో ఫొటోలు తీశాను. వాళ్ళబ్బాయి స్కాన్ చేయించి ఒక పీడీఎఫ్ చేస్తున్నాడు, మన హైస్కూలుకి ఒక ప్రింటు ఇస్తాడు. మన బ్యాచ్‌వాళ్ళు గానీ, ముందువెనకల వాళ్ళు గానీ ఇది చదువుతుంటే, మాస్టారు మీకు రాసిచ్చిన కాగితాలు, లెక్కలు ఏవైనా ఉంటే ఫొటో తీసి పంపండి, అందులో చేరుద్దాం. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియలేదు, వాళ్ళన్నయ్య కుటుంబం పొందూరు వైపు ఉందని ఒకరన్నారు. ఎవరికైనా ఆచూకీ తెలిస్తే ఇక్కడ రాయొద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఆ కాగితం ఆమెకి చేర్చాలని వాళ్ళబ్బాయి అంటున్నాడు, నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇస్తాను.